ముప్పై దాటిన అందరికీ ఊపిరితిత్తుల పరీక్ష చేయాలా?

చెరకుతోట (పెనుమూరు, ప్రస్తుతం తిరుపతి):

మా నాన్న ముప్పై ఏళ్ళు బెల్లం గానుగ దగ్గర పొయ్యి వేసే పని చేశారు. ఎండిన చెరకు పిప్పిని చేతులతో ఎత్తి పొయ్యిలోకి తోస్తూనే ఉండాలి. మంట తగ్గితే పాకం చెడుతుంది. అందుకే పొగ ముఖానికి కొట్టినా పక్కకు జరగడానికి ఉండదు. ఆయన జీవితంలో ఒక్క బీడీ తాగలేదు. ఆరేళ్ళుగా దగ్గు. రెండుసార్లు కళ్ళె పరీక్ష చేశారు, రెండుసార్లూ టీబీ లేదని దగ్గు మందు సీసా ఇచ్చి పంపారు. హమ్మయ్య అనుకుని మేమూ ఊరుకున్నాం. పోయిన మాఘమాసంలో స్నానం చేసి పంచె కట్టుకునేలోపే ఆయాసం వచ్చి గోడ పట్టుకుని నిలబడిపోయారు. తిరుపతి తీసుకొచ్చి ఊదే పరీక్ష చేయిస్తే, ఆ వయసు, ఆ ఎత్తు ఉన్న మనిషికి ఉండాల్సిన దానిలో 38 శాతమే వచ్చింది. సీఓపీడీ అన్నారు, అంటే ఊపిరి గొట్టాలు సన్నబడి గాలి సరిగా బయటికి రాని దీర్ఘకాలపు జబ్బు. పోయింది తిరిగి రాదు, ఉన్నది కాపాడుకోవాలి అన్నారు.

ఇదే మనిషికి ఊళ్ళో ఏటా బీపీ చూశారు, షుగరు చూశారు. రెండూ బాగానే ఉన్నాయి. ఊపిరి ఎలా ఉందో మాత్రం ఎవరూ చూడలేదు. 2016 లెక్కల ప్రకారం మన దేశంలో గుండెజబ్బు తర్వాత ఎక్కువ ప్రాణాలు తీసింది ఈ జబ్బే. ఆ ఏడాది అయిదున్నర కోట్ల మందికి ఇది ఉందని అంచనా వేశారు. మరి ముప్పై దాటిన ప్రతి మనిషినీ ఏడాదికి ఒకసారి ఎందుకు ఊదించకూడదు? కాదనేవాళ్ళు కారణం చెప్పండి.

కొండకింద వైద్యుడు:

నేను ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో పనిచేస్తున్నాను. మీ నాన్నగారి విషయం చదివి బాధ కలిగింది. అయినా మీరు అడిగినదాన్ని ఒప్పుకోలేను.

ముందు ఊదే పరీక్ష అంటే ఏమిటో చూడండి. ముక్కుకు క్లిప్పు పెట్టి, గుండెల నిండా గాలి పీల్చి, ఒక్కసారిగా బలంగా వదిలి, లోపల ఏమీ మిగలనంతవరకు, దాదాపు ఆరు సెకన్లు, ఊదుతూనే ఉండాలి. పళ్ళు లేని పెద్దావిడ పెదవుల పక్క నుంచి గాలి పోతుంది. కొందరికి మధ్యలో దగ్గు వస్తుంది. ఒకదానికొకటి సరిపోలే ఊదుడులు మూడు రావాలి. తర్వాత ఊపిరి గొట్టాలను వెడల్పు చేసే సాల్బుటమాల్ మందు పీల్పించి, పది పదిహేను నిమిషాలు ఆగి, మళ్ళీ మొదటి నుంచి. ఒక్క మనిషికి అరగంట తక్కువ పట్టదు. నేను ఒక్కో ఊరికి నెలకు రెండు రోజులు వెళ్తాను. ఊరంతటినీ ఊదించాలంటే జ్వరం వచ్చిన పిల్లవాణ్ణి ఎవరు చూస్తారు?

సరిగా ఊదినా చిక్కు తీరదు. మొదటి సెకనులో వచ్చిన గాలిని మొత్తం గాలితో భాగిస్తే 0.70 కన్నా తక్కువ రావడాన్ని జబ్బుగా లెక్కిస్తారు. వయసు పెరిగేకొద్దీ ఆ నిష్పత్తి సహజంగానే తగ్గుతుంది. అంటే ఏ బాధా లేని 75 ఏళ్ళ ముసలాయనకు లేని జబ్బు అంటగడతాం. అదే గీత చిన్న వయసువాళ్ళలో ఉన్న జబ్బును దాటవేస్తుంది. అమెరికాలో నివారణ వైద్యంపై సిఫారసులు చేసే యూఎస్‌పీఎస్‌టీఎఫ్ నిపుణులు 2016లోనూ, మళ్ళీ 2022లోనూ ఒకే మాట చెప్పారు: ఏ లక్షణమూ లేనివారికి ఈ జబ్బు కోసం పరీక్షలు చేయవద్దు, దానివల్ల మేలు జరిగిందనే ఆధారం లేదు. బీడీ మానమని చెప్పడానికి పరీక్ష అక్కర్లేదు కదా.

ఇంకొకటి. మీ నాన్నగారు లక్షణాలు లేని మనిషి కాదు. ఆరేళ్ళు దగ్గుతూ రెండుసార్లు మా బల్ల ముందుకు వచ్చారు. క్షయ రోగుల కోసం 1915లోనే మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో ఆసుపత్రి వెలిసిన ప్రాంతం మనది. దగ్గు అనగానే టీబీ గుర్తుకు రావడం మాకు అలవాటైపోయింది. టీబీ కాదని తేలాక "మరైతే ఏమిటి?" అని అడగడం అలవాటు కాలేదు. తప్పు అక్కడ జరిగింది. దానికి ఊరందరినీ ఊదించడం మందు కాదు.

ఆశా అక్క (పుత్తూరు వైపు):

డాక్టరు గారికి నమస్కారం. ముప్పై దాటినవారి వివరాలు ఇంటింటికీ తిరిగి రాసుకునేది మేమే. ఆ ఫారంలో ఊపిరి గురించి అడగరని ఎవరైనా అనుకుంటే పొరపాటు. ఆయాసం ఉందా, రెండు వారాలు దాటిన దగ్గు ఉందా, వంట దేనిమీద, ఇటుక బట్టీల్లాంటి పొగ, దుమ్ము ఉండేచోట పనిచేస్తారా అని అన్నీ ఉన్నాయి.

వంట దేనిమీద అంటే ప్రతి ఇంట్లోనూ గ్యాసు అంటారు, నేనూ గ్యాసుకే టిక్కు పెడతాను. అబద్ధమేమీ కాదు, 1999లో దీపం పథకం వచ్చినప్పటి నుంచి ఒక్కో ఇంటికీ సిలిండర్ చేరింది. కానీ పెరట్లోకి వెళ్ళి చూడండి. మూడు రాళ్ళ మీద నీళ్ళ కాగు, కింద వేరుశనగ పొట్టు, కంది కట్టె. తెల్లవారుజామున ఆ ఇంటి కోడలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గొట్టంతో ఊదుతూ ఉంటుంది. ఇంటిల్లిపాది స్నానాలు అయ్యేవరకు ఆ పొగ ఆరదు. వంట గురించి అడిగితే ఆ పొయ్యి లెక్కలోకి రాదు. నేను ఇప్పుడు "నీళ్ళు దేనిమీద కాస్తారమ్మా?" అని విడిగా అడుగుతున్నాను.

రెండో బాధ. షుగరు ఎక్కువుంటే ఆ పేరు మీద మళ్ళీ మళ్ళీ అడుగుతారు. పొగ అని టిక్కు పెట్టిన పేరు గురించి ఇంతవరకు నన్ను ఒక్కరూ అడగలేదు.

గాలిగోపురం:

డాక్టరు గారూ, "లక్షణాలు లేనివారు" అన్న మాట దగ్గరే నాకు పేచీ. మా అమ్మ ప్రతి ఏటా అలిపిరి నుంచి 3,550 మెట్లూ నడిచి ఎక్కేది. ఒక ఏడాది గాలిగోపురం దగ్గర గంటసేపు కూర్చుండిపోయింది. మరుసటి ఏడాది మెట్లు తక్కువని శ్రీవారి మెట్టు దారిన వెళ్దామంది. ఆ తర్వాత బస్సు. మోకాళ్ళు అనుకున్నాం, ఆమె కూడా అదే చెప్పింది. ఆయాసం ఉందా అంటే లేదనేది. ఎలా ఉంటుంది? ఆయాసం వచ్చే పనులన్నీ ఒక్కొక్కటిగా మానేసింది కదా. మీ ఫారంలో ఆమె ఏ లక్షణమూ లేని మనిషి.

కెనడాలో జరిగిన అధ్యయనం ఒకటి 2024లో ప్రచురించారు. ఇళ్ళకు ఫోను చేసి, దగ్గు, ఆయాసం ఉన్నా జబ్బు పేరు తెలియని వాళ్ళను వెతికి ఊదించారు. ఉబ్బసమో సీఓపీడీయో బయటపడిన 508 మందిలో కొందరిని ఊపిరితిత్తుల నిపుణులకు, మిగతావారిని మామూలు వైద్యానికి అప్పగించారు. ఏడాదిలో ఊపిరి బాధతో వైద్యం కోసం పరుగెత్తడం నిపుణులు చూసినవారిలో దాదాపు సగానికి తగ్గింది. వెతికితే మేలు జరుగుతుంది.

మందుల కొట్టు (శ్రీకాళహస్తి):

పరీక్ష గురించే మాట్లాడుతున్నారు. తేలాక ఏమిటి? జల్లెడ పట్టే పరీక్షలకు విల్సన్, యుంగ్నర్ 1968లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కోసం రాసిన సూత్రాల్లో, జబ్బు తేలినవారికి ఒప్పుదలైన చికిత్స ఉండాలి, అది అందాలి అని ఉంది. నా కొట్టుకు వచ్చిన ఒక పెద్దాయన, గొట్టంలో వేసి పీల్చాల్సిన క్యాప్సూళ్ళను నెలంతా నీళ్ళతో మింగి, "ఈ మాత్రలు పనిచేయలేదు నాయనా" అని ఖాళీ డబ్బా చూపించాడు. రాసిచ్చినవారు చెప్పలేదు, అమ్మిన నేనూ చెప్పలేదు. ఆ సిగ్గు నాకు ఇప్పటికీ ఉంది. ఇప్పుడు మొదటి క్యాప్సూల్ నా ఎదుటే పీల్పించి పంపుతున్నాను. ఇన్‌హేలరు అలవాటైపోతుందని, ఆఖరి దశ మందని భయపడి సగం మంది తిరిగి రారు. అందరినీ ఊదించేముందు, ఉన్న రోగికి పీల్చడం నేర్పే మనిషిని చూపించండి.

కొండకింద వైద్యుడు:

గాలిగోపురం గారూ, మీ అమ్మగారి సంగతి చదివి చాలాసేపు ఆలోచించాను. నా ప్రశ్నే తప్పు. "ఆయాసం ఉందా?" అని కాకుండా, "మూడేళ్ళ కిందట చేసి ఇప్పుడు మానేసిన పని ఏమిటి?" అని అడగాలి. రేపటి నుంచి అలాగే అడుగుతాను. అయితే కెనడా వాళ్ళు ఊదించింది లక్షణాలు చెప్పినవారిని, ఊరందరినీ కాదు. అది నా వాదనకే బలం.

ఎంత వేగంగా ఊదగలరో అంకెలో చూపే పీక్ ఫ్లో గొట్టం కొన్ని వందల రూపాయలకే వస్తుంది, నిమిషంలో పని అవుతుంది. దాంతో జబ్బును నిర్ధారించలేం. ఐదు ప్రశ్నలకు దాన్ని జోడించిన క్యాప్చర్ పద్ధతిని అమెరికాలో నాలుగు వేల పైచిలుకు మందిపై చూస్తే, పట్టుకోవాల్సినవారిలో సగం మంది కూడా దొరకలేదని 2023లో తేలింది. కాబట్టి అంకె బాగుందని పొగలో పనిచేసేవారిని వదిలేయకూడదు. అంకె తక్కువైతే మాత్రం అసలు పరీక్షకు ముందుగా పంపాలి.

చెరకుతోట:

"అందరికీ" అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. కానీ డాక్టరు గారూ, కళ్ళె పరీక్షలో ఏమీ లేదని తేలి, ఇంకా దగ్గుతున్నవారి మాటేమిటి? వాళ్ళ పేర్లు మీ రిజిస్టరులోనే ఉన్నాయి కదా. కొత్తగా ఇంటింటికీ తిరగక్కర్లేదు. మా నాన్న పేరు అందులో రెండుసార్లు ఉంది. టీబీ తగ్గిపోయినవారినీ కలపండి, ఆ జబ్బు వదిలాక కూడా ఊపిరితిత్తులు దెబ్బతినే ఉంటాయంటారు. గానుగలు, ఇటుక బట్టీలు, నీళ్ళ పొయ్యిల దగ్గర గడిపేవారిని ఆశా అక్క చెబుతుంది. వీళ్ళనైనా ఊదించండి. నాన్న పనిలో ఇప్పుడు మా చిన్నాన్న కొడుకు ఉన్నాడు, 34 ఏళ్ళు. దగ్గు ఉందా అని నిన్న ఫోనులో అడిగితే, గానుగ దగ్గర దగ్గు లేనిది ఎవరికి అన్నాడు.

ఆశా అక్క (పుత్తూరు వైపు):

మా ఏఎన్ఎం గారితో మాట్లాడాను. పాత రిజిస్టరు తీసిస్తానన్నారు. ఎన్నేళ్ళ వెనక్కి వెళ్ళమంటారు, డాక్టరు గారూ?

కొండకింద వైద్యుడు:

మూడేళ్ళు చాలమ్మా. ముందు ఇప్పటికీ దగ్గుతున్నవారి పేర్లు రాయండి. పక్కనే నీళ్ళ పొయ్యి సంగతి కూడా రాయండి.