ఈసుకుపోయే రోగం (బ్రూసెల్లోసిస్): మంద మొత్తానికి టీకా వేయించొచ్చా?

ప్రశ్న: రెండు ఆవులు ఏడో నెలలో ఈసుకుపోయాయి (నెలలు నిండకుండానే చూడి పోయింది), మాయ కూడా పడలేదు. రక్తపరీక్షలో బ్రూసెల్లా తేలింది. చూడివి, దూడలు అన్నిటికీ ఒకేసారి వేయించేద్దామా అండీ?

జవాబు: వద్దండీ. ఈ రోగానికి వేసే ఎస్-19 బతికున్న క్రిముల టీకా. 4–8 నెలల పెయ్యదూడలకే, చర్మం కింద 2 మి.లీ., జీవితంలో ఒక్కసారే. చూడి ఆవుకు వేస్తే టీకా వల్లే ఈసుకుపోవచ్చు. కోడెదూడలకు వృషణాలు వాస్తాయి. ఇప్పటికే రోగం ఉన్న ఆవుకు వేసినా నయం కాదు.

ప్రశ్న: ఎనిమిది నెలలు దాటిన పెయ్యలున్నాయి. వేస్తే ఏమవుతుంది?

జవాబు: తర్వాత పరీక్షల్లో చిక్కొస్తుంది. రోజ్ బెంగాల్ అనే రక్తపరీక్ష, క్రిమిని ఎదుర్కోవడానికి ఒంట్లో పుట్టే ప్రతిరక్షకాలను చూస్తుంది. దానికి టీకా వల్ల పుట్టినవి, రోగం వల్ల పుట్టినవి ఒకేలా కనిపిస్తాయి. లేత వయసులో వేస్తే ఆ ప్రతిరక్షకాలు చాలావరకు కొన్ని నెలల్లో తగ్గిపోతాయి. ముదిరాక వేస్తే చాలాకాలం నిలిచి, మంచి పశువును కూడా రోగిష్టిగా చూపిస్తాయి. అందుకే చెవిపోగు నంబరు, టీకా తేదీ రాసిపెట్టండి. ఆర్‌బీ-51 అనే మరో బ్రూసెల్లా టీకాకు ఈ చిక్కు లేదు, దొరికితే డాక్టరుగారిని అడగండి.

మరొకరు: టీకా పనిచేయలేదంటే ఎక్కువగా తప్పు సీసాది కాదు, చేతిది. 2–8 డిగ్రీల్లో ఉంచాలి. టీకా పొడిలో కలిపే ద్రావకం కూడా చల్లగా ఉండాలి. కలిపేటప్పుడు గట్టిగా ఊపకుండా మెల్లగా తిప్పాలి. కలిపిన సీసాను ఐసు డబ్బాలో, ఎండ తగలకుండా పెట్టి ఒకటి రెండు గంటల్లో వాడేయాలి, మిగిలితే పారేయాలి. సిరంజిని స్పిరిట్‌తో కడిగితే టీకా క్రిములు చస్తాయి. నీళ్లలో మరగబెట్టి చల్లార్చండి. ఆ రోజుల్లో దూడకు టెట్రాసైక్లిన్‌లాంటి యాంటీబయాటిక్ మందు పడుతుంటే టీకా వాయిదా వేయండి.

ఇంకో మాట. ఈ టీకా క్రిమి మనిషికీ అంటుకుంటుంది. చేతితొడుగులు, కళ్లద్దాలు తప్పనిసరి. సూది గుచ్చుకున్నా, కంట్లో చుక్క పడినా వెంటనే కడిగి, ఏ టీకానో పేరుతో సహా ఆసుపత్రిలో చెప్పాలి. ఆర్‌బీ-51 మీద రిఫాంపిసిన్ అనే యాంటీబయాటిక్ పనిచేయదు, పేరు తెలియకపోతే మందు తప్పుతుంది.

ప్రశ్న: మరి ఆ రెండు ఆవుల సంగతి?

జవాబు: వెంటనే వేరు కట్టండి. ఈసుకుపోయిన పిండం, మాయ ఒట్టి చేత్తో ముట్టకుండా లోతుగా గుంట తీసి సున్నం చల్లి పూడ్చండి, కుక్కలు తవ్వకూడదు. పాలు మరిగించకుండా ఎవరూ తాగొద్దు. మిగతా చూడి ఆవులకు రక్తపరీక్ష చేయించాక, ఈనే పశువును ఎక్కడ కట్టాలో ముందే చూసుకోండి.