అప్‌డేట్: తీవ్రమైన కుంగుబాటుతో వైకల్య భృతికి చేసుకున్న దరఖాస్తు

దరఖాస్తు తిరస్కరించారని, అప్పీలు చేయాలా లేక మళ్లీ మొదటి నుంచి దరఖాస్తు పెట్టాలా అని నేను నాలుగు నెలల క్రితం అడిగాను. అప్పీలు చేశాను, గత వారం భృతి మంజూరైంది.

మొదటిసారి జబ్బు పేరు, మందుల పేర్లు రాశానే తప్ప, దాని వల్ల ఏ పని చేయలేకపోతున్నానో రాయలేదు. పైగా, కాస్త బాగున్న రోజును తలచుకుని "వంట చేసుకోగలను" అన్న గడిలో టిక్కు పెట్టాను. పొయ్యి మీద గిన్నె పెట్టి, గోడకు ఆనుకుని అలాగే కూర్చుండిపోవడం వల్ల ఒకే వారంలో మూడుసార్లు గిన్నె మాడిపోయిన సంగతి రాయవలసినదని అప్పుడు తోచలేదు.

ఈసారి ప్రపంచ ఆరోగ్య సంస్థ రూపొందించిన హూడాస్ 2.0 ప్రశ్నావళిని దగ్గర పెట్టుకున్నాను. గడచిన 30 రోజుల్లో అర్థం చేసుకోవడం, తిరగడం, స్నానం, తిండి వంటి సొంత పనులు, నలుగురితో మెలగడం, ఇంటి పని, ఉద్యోగం, సమాజంలో పాల్గొనడం ఎంత కష్టమయ్యాయో అందులోని 36 ప్రశ్నలు అడుగుతాయి. ఆ క్రమంలోనే నెల రోజులు డైరీ రాసి డాక్టరు గారికి చూపించాను. ఆయన తన ఉత్తరంలో రోగనిర్ధారణతో పాటు ఆ ఇబ్బందులనూ వివరంగా రాశారు. అక్క తాను కళ్లారా చూసినవి విడిగా రాసి ఇచ్చింది.

డైరీ రాయడం బాధాకరమే, కొన్ని రోజులు ఒక్క వాక్యమే రాయగలిగాను. ఆ ఒక్క వాక్యపు పేజీలను కూడా అలాగే జతచేశాను.