వాడిన డై-కాస్ట్ రోబో: పిక్క మీద రంగు ఉబ్బింది, తీసుకోవచ్చా?

ప్రశ్న

బండాయ్ కంపెనీ సోల్ ఆఫ్ చోగోకిన్ వరుసలోని డై-కాస్ట్ (అచ్చులో లోహం పోసి చేసిన) రోబో బొమ్మ ఒకటి అమ్మకానికి ఉంది. పెట్టె తెరిచినది. అమ్మేవారు ‘కంప్లీట్, కండిషన్ బాగుంది’ అంటున్నారు. ఫోటోల్లో మాత్రం ఎడమ పిక్క మీద రంగు చిన్న బుడగల్లా లేచింది. ఛాతీ దగ్గర తెల్ల ప్లాస్టిక్ పసుపెక్కింది. నిలబెట్టి తీసిన ఫోటోలన్నిటిలోనూ వెనక స్టాండ్ ఆసరా ఉంది. డబ్బు కట్టేలోపు ఏమేం అడగాలి? ధర ఎంత తగ్గించమనాలి?

పాతపెట్టె

ధర సంగతి తర్వాత. ముందు ఆ బుడగలేమిటో తేల్చండి. పసుపు, వదులు కీళ్లు, చిరిగిన పెట్టె, వీటన్నిటికీ ఏదో ఒక దారి ఉంటుంది. లోహం పాడైతే దారి లేదు.

ఈ బొమ్మల్లో వాడేది జింకు మిశ్రమం, అందులో సుమారు 4 శాతం అల్యూమినియం. పోత పోసేటప్పుడు సీసం, తగరం, కాడ్మియం లాంటివి అతి కొద్దిగా కలిసినా లోహం లోపలి రేణువుల అంచుల వెంబడి తుప్పు మొదలవుతుంది. దీన్నే జింక్ పెస్ట్, అంటే జింకు తెగులు అంటారు. తేమ, వేడి ఉంటే తొందరగా ముదురుతుంది. మొదట రంగు ఉబ్బుతుంది, తర్వాత వెంట్రుకవాసి గీతలు పడతాయి, భాగం కాస్త ఉబ్బి పక్కనున్న కీలు బిగుసుకుపోతుంది, చివరికి చేత్తో నలిపితే రాలిపోతుంది. పైన జిగురు పూసినా, కొత్త రంగు వేసినా దాచినట్టే తప్ప ఆగదు. పక్క బొమ్మకు అంటుకుంటుందన్నది మాత్రం ఉత్త భయం.

అయితే ప్రతి బుడగా తెగులు కాదు. రంగుకు ముందు లోహాన్ని సరిగ్గా శుభ్రం చేయకపోయినా రంగు లేస్తుంది. అలాంటప్పుడు లేచిన చోట కింద లోహం నున్నగా ఉంటుంది, భాగం అంచులు సూటిగా ఉంటాయి. తెగులైతే బుడగ చుట్టూ సాలెగూడులాంటి గీతలు, బూడిదరంగు పొడి కనిపిస్తాయి. ఫ్లాష్ ఆపేసి, టార్చి పక్కనుంచి ఏటవాలుగా వేసి దగ్గరి ఫోటో తీయమనండి. ఎదురుగా వెలుతురు పడితే ఆ గీతలు కెమెరాకు దొరకవు. బొమ్మ చేతికొస్తే రెండు పిక్కల మందాన్నీ ఒకే చోట కాలిపర్‌తో (మందం కొలిచే పరికరం) కొలవండి. రెండు మూడు చోట్ల 0.3 మి.మీ. పైన తేడా వస్తే నేనైతే వెనక్కి పంపిస్తాను.

రాట్చెట్ రావు

స్టాండ్ ఆసరా లేకుండా నిలబెట్టి వీడియో అడగండి. ఫోటో చాలదు, నడుం వదులైన బొమ్మ కూడా ఒక్క క్షణం నిలబడుతుంది.

కీళ్లు రెండు రకాలు. పళ్లచక్రం, స్ప్రింగు ఉండేది రాట్చెట్, కదిపితే టిక్ టిక్ అంటుంది. రాపిడి మీద నిలిచేది రెండోది. లోహం ఎక్కువున్న కాళ్ల బరువు మోయడానికి తుంటిలో, మోకాలిలో సాధారణంగా రాట్చెట్ పెడతారు. వీడియోలో తొడను ముందుకు 90 డిగ్రీలు ఎత్తి ఒక నిమిషం వదిలేయమనండి. టిక్ వినిపించీ కాలు జారితే పళ్లు అరిగాయి లేదా స్ప్రింగు నీరసించింది. విప్పకుండా అది బాగవదు. టిక్ అసలే లేకపోతే లోపల కీలు కూర్చునే ప్లాస్టిక్ గిన్నె పగిలి ఉండొచ్చు.

రాపిడి కీలు వదులైతే పెద్ద ఇబ్బంది లేదు. గిన్నెలో తిరిగే గుండ్రటి కొనకు, అంటే బంతికి, నీళ్ల ఆధారిత యాక్రిలిక్ క్లియర్ కోటు (రంగులేని పూత) పలుచగా పూసి, ఒక రోజు పూర్తిగా ఆరనిచ్చి, తర్వాత బిగించండి. సూపర్ గ్లూతో కూడా చేస్తారు కానీ ఆరకముందే గిన్నెలోకి నొక్కారో, ఇక అది కీలు కాదు, అతుకు.

బిగుసుకున్న కీలును బలంగా తిప్పొద్దు. హెయిర్ డ్రయ్యర్ తక్కువ వేడిలో ఒక నిమిషం చూపించి, అటూ ఇటూ కొంచెం కొంచెంగా కదపండి. నూనె వేయాలంటే సిలికోన్ నూనె ఒక్కటే. తలుపు బందులకు కొట్టే పెట్రోలియం స్ప్రే ఒత్తిడిలో ఉన్న ఏబీఎస్ ప్లాస్టిక్‌ను చిట్లగొడుతుంది, అదీ వెంటనే కాదు, కొన్నాళ్లకు.

ప్రశ్న అడిగినవారు

ధన్యవాదాలండీ. టార్చి ఫోటో అడిగాను. ఈలోగా పసుపు సంగతి? హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో తెల్లబడుతుందంటారు కదా. ఇంకోటి, పాదం కింద ఉన్న సంవత్సరాన్ని బట్టి అసలుదో నకిలీదో చెప్పొచ్చా?

సన్నస్క్రూ

పెరాక్సైడ్ పనిచేస్తుంది, షరతులున్నాయి. 6 నుంచి 12 శాతం ద్రావణం, దానికి తోడు ఎండ లేదా యూవీ దీపం, కొన్ని గంటల సమయం. చేతికి గ్లవ్స్, కళ్లకు అద్దాలు తప్పనిసరి. అది కూడా రంగు వేయని ఏబీఎస్ భాగాన్ని విడదీశాకే. రంగు, స్టిక్కర్లు, క్రోమ్ పూత, లోహం వీటిలో ఏదున్నా వద్దు. మీ బొమ్మ ఛాతీ మీద ముద్రించిన గుర్తు ఉంటే ఆ పసుపుతోనే సర్దుకోవడం మేలు. తెల్లబడ్డా కొన్నాళ్లకు మళ్లీ పసుపెక్కవచ్చు కూడా.

విడదీయాలంటే మామూలు ప్లస్ స్క్రూడ్రైవర్ వద్దు. జపాన్ స్క్రూలకు జిస్ (జపాన్ పారిశ్రామిక ప్రమాణం) కొన ఉన్నదే సరిగ్గా కూర్చుంటుంది, లేకపోతే స్క్రూ తల అరిగిపోతుంది. తిరిగి బిగించేటప్పుడు ముందు వెనక్కి తిప్పండి. చిన్నగా ‘టక్’మని పాత మరలోకి దిగుతుంది, అప్పుడు ముందుకు తిప్పండి. నేరుగా బిగిస్తే ప్లాస్టిక్‌లో కొత్త మర కోసుకుంటుంది, నాలుగుసార్లు అలా చేస్తే స్క్రూ పట్టదు. కీళ్లలో లోహపు మేకులుంటే, వాటి ఒక కొన మీద సన్నటి గరుకు గీతలుంటాయి. తీయడానికి నున్నటి కొన వైపునుంచి కొట్టాలి, గరుకు కొన బయటికి రావాలి.

లైటు ఉన్న మోడల్ అయితే బ్యాటరీ గది తెరిచిన ఫోటో అడగండి. ఆల్కలైన్ సెల్ కారితే తెల్లటి పొర కడుతుంది. దూదికి కాస్త వెనిగర్ అద్ది తుడిచి, తర్వాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో ఆరబెట్టాలి. రాగి తీగ ఆకుపచ్చగా మారి, ఆ తుప్పు లోపలికంటా పోయి ఉంటే లైటు వెలగదనే అనుకోండి.

పాతపెట్టె

పాదం కింద ఉన్న సంవత్సరం కాపీరైట్‌ది, తయారీది కాదు. ఉదాహరణకు ట్రాన్స్‌ఫార్మర్స్ రోబో బొమ్మలు 1984లో వచ్చాయి. కానీ తొలి బొమ్మలు చాలావరకు జపాన్ కంపెనీ టకారా వారి పాత బొమ్మల వరుసలు డయాక్లోన్, మైక్రోమ్యాన్ అచ్చుల నుంచి వచ్చినవి కాబట్టి వాటి మీద అంతకుముందటి సంవత్సరాలు కనిపిస్తాయి. పాత అచ్చుతోనే తర్వాత మళ్లీ విడుదల చేసినవీ ఉన్నాయి. పాపీ కంపెనీ తొలి చోగోకిన్ బొమ్మ మజింగర్ జెడ్ (జపాన్ కార్టూన్ రోబో) 1974 నాటిది, సోల్ ఆఫ్ చోగోకిన్ వరుస బండాయ్ 1997లో మొదలుపెట్టింది. ఈ రెంటినీ ఒకటే అని అమ్మజూసేవాళ్లూ ఉన్నారు, మోడల్ నంబరు అడగండి. సోల్ వరుసవి జీఎక్స్ అక్షరాలతో మొదలవుతాయి.

నకిలీ పట్టాలంటే అచ్చు చూడండి. పలకల మధ్య గాడి మొద్దుబారి ఉండటం, ముద్రించిన అక్షరాల అంచులు పాకినట్టుండటం, పెట్టె మీద చిన్న అక్షరాలు మసకబారటం, ఇవి నమ్మదగ్గ గుర్తులు. బరువు ఒక్కటీ చూసి నమ్మొద్దు. జింకు మిశ్రమం సాంద్రత ఘన సెంటీమీటరుకు 6.6 గ్రాములకు అటూ ఇటూ, ఏబీఎస్‌ది 1.05 దగ్గర. లోపల ఒక ముక్క జింకు పెడితే నకిలీదీ బరువుగానే తూగుతుంది.

రాట్చెట్ రావు

‘కంప్లీట్’ అన్న మాటకు అమ్మేవారి దగ్గర ఒక అర్థం, మన దగ్గర ఇంకోటి. పెట్టెలోని ట్రేలో ఖాళీ గుంటలు లెక్కపెట్టండి, ప్రతి గుంటకూ ఒక వస్తువు ఉండాలి. విడి చేతులు కుడి-ఎడమ జంటలుగా, ఎగిరే పిడికిళ్లు, క్షిపణులు, కత్తి, స్టాండ్ చేయి, మాన్యువల్. అన్నిటినీ పరిచి ఒకే ఫోటోలో అడగండి. కత్తి వంగి ఉంటే దిగులు పడకండి. పీవీసీ (మెత్తటి ప్లాస్టిక్) అయితే 70-80 డిగ్రీల నీళ్లలో అర నిమిషం ఉంచి, బల్ల మీద సూటిగా పెట్టి చల్లనీళ్లు పోయండి.

ధరకు ‘అడుగుతున్న ధరలు’ చూడొద్దు, అమ్ముడైపోయిన వాటివే చూడండి. అవీ తెరిచినవాటితోనే పోల్చాలి. లేని పిడికిలిని విడిగా కొనాలంటే ఎంతవుతుందో అంతా తగ్గించమని అడగడం న్యాయమే.

ప్రశ్న అడిగినవారు

టార్చి ఫోటో వచ్చింది. బుడగల కింద నుంచి చీలమండ దాకా సన్నటి గీత, పక్కన ఇంకో రెండు. చీలమండ కీలు కదలడం లేదని కూడా ఇప్పుడు ఒప్పుకున్నారు.

పాతపెట్టె

అది తెగులే. బొమ్మగా వద్దు. పిడికిళ్లు, స్టాండ్, మాన్యువల్, కుడి కాలు బాగుంటే విడిభాగాల ధరకు అడిగి చూడండి. ఇస్తే తీసుకుని ఎడమ కాలు విప్పి వేరుగా పెట్టండి, ఉబ్బిన పిక్క ఒత్తిడికి తొడ కీలు కూడా పగలకుండా.