12 టీమ్‌లు మారిన సిల్లింజర్: అందరికీ కావాల్సినవాడా, ఎవరికీ అక్కర్లేనివాడా?

మంచుబూట్లు:
ఉత్తర అమెరికా ఐస్ హాకీ లీగ్ ఎన్‌హెచ్‌ఎల్‌లో 12 టీమ్‌లకు ఆడిన రికార్డు మైక్ సిల్లింజర్‌ది. 9 సార్లు ట్రేడ్ చేశారు, అంటే వేరే టీమ్‌తో మార్పిడిలో ఇచ్చేశారు. టీమ్‌లు వంతులవారీగా కుర్రాళ్లను ఎంచుకునే డ్రాఫ్ట్‌లో, 1989లో డెట్రాయిట్ ఈ సెంటర్‌ను (ముందు వరుసలో మధ్యన ఆడేవాడిని) 11వ పిక్‌గా తీసుకుంది. అలాంటివాడిని చివరికి కూరలో కరివేపాకును చేశారు. లీగ్ విజేతకిచ్చే స్టాన్లీ కప్ ఒక్కటీ లేదు. నా దృష్టిలో ఇది ఫెయిల్యూరే.

మూడో_లైన్:
కరివేపాకు లేకుండా ఒకసారి తాలింపు వేసి చూడండి గురూ! 1,049 మ్యాచ్‌లు ఊరికే ఆడనిస్తారా? డెట్రాయిట్‌లో అతని ముందు సెంటర్లుగా ఉన్నది ఐజర్‌మన్, ఫెడొరోవ్ లాంటి స్టార్లు. అక్కడ చోటెక్కడిది? ఆట మొదలెట్టేటప్పుడు ఇద్దరి మధ్య పక్ వదిలే ఫేసాఫ్ గెలవాలన్నా, పెనాల్టీలో ఒక ఆటగాడు తక్కువైనప్పుడు కాచుకోవాలన్నా అలాంటివాడే కావాలి. అందుకే ఒకరు వదిలితే ఇంకొకరు అడిగారు.

మంచుబూట్లు:
అడిగారా, అంటగట్టారా? 2003 జులైలో కొలంబస్ అతన్ని డాలస్‌కు ఇచ్చింది. డాలస్ అదే రోజు ఫీనిక్స్‌కు పంపేసింది. జెర్సీ కూడా తొడుక్కోలేదు పాపం. అసలు ఆ డీల్స్‌లో కొలంబస్‌కు కావాల్సింది సైడోర్, డాలస్‌కు కావాల్సింది నుమ్మినెన్, ఇద్దరూ డిఫెన్స్ ఆటగాళ్లు. ఇతను చిల్లర.

రెజైనా_బాబాయ్:
ఆ రోజు వరకైతే మీ మాట ఒప్పుకుంటాను. కానీ 2005-06 చూడండి. వయసు 34. సెయింట్ లూయిస్‌కు 22 గోల్స్ కొట్టాడు. సీజన్ మధ్యలో నాష్‌విల్‌కు మార్చారు, అక్కడా 10. మొత్తం 32, కెరీర్‌లోనే ఎక్కువ. అంతకుముందు ఏ సీజన్‌లోనూ అంత దగ్గరికి రాలేదు. మరుసటి ఏడాది న్యూయార్క్ ఐలాండర్స్ టీమ్‌లో 26. ఊరూరా తిరిగి అలసిపోయినవాడి లెక్కలా ఇవి?

నాకు అసలు బాధ వేరే. సామాన్లు సర్దేది ఇంట్లోవాళ్లు. స్కూళ్లు మారేది పిల్లలు. ఆ లెక్క ఏ స్టాట్ షీట్‌లోనూ ఉండదు, మనం మాత్రం కప్పులు లెక్కపెడతాం.

మంచుబూట్లు:
బాబాయ్, సెంటిమెంట్ వద్దు. పదకొండో పిక్ నుంచి మొత్తం 240 గోల్స్ చాలా?

మూడో_లైన్:
మొదటి రౌండ్‌లో తీసుకున్నవాళ్లందరూ 1,000 మ్యాచ్‌లు ఆడేస్తున్నారనా మీ ఉద్దేశం? అతని కొడుకు కోల్ తండ్రి కొలంబస్‌కు ఆడుతున్నప్పుడు అక్కడే పుట్టాడు. 2021లో అదే కొలంబస్ అతన్ని 12వ పిక్‌గా తీసుకుంది. కోల్ కెరీర్ మొత్తం ఒకే టీమ్‌లో గడిపి 200 గోల్స్ కొడితే, అతన్ని తండ్రికంటే గొప్పవాడంటారా?

మంచుబూట్లు:
అంటాను. కప్ గెలిస్తే.