పడమటెండ పెరట్లో తెరగా ఏ చెట్లు?

ప్రశ్న: తిరుపతిలో మాది చిన్న పెరడు, మధ్యాహ్నం నుంచి పొద్దుగూకే దాకా ఎండే, పైగా పక్క మేడ మీంచి అంతా కనిపిస్తుంది. గోడ వెంట తెరలా చెట్లు, మిగతా చోట కుండీలు పెట్టాలనుంది. ఏవి బాగుంటాయండీ?

జవాబు: అశోక పెట్టండి, అదే నరమామిడి. నిటారుగా పోతుంది, కొమ్మలు కిందికి వేలాడతాయి కాబట్టి పక్కలకు పాకదు. కోనోకార్పస్ త్వరగా పెరుగుతుందని అంటగడతారు, వేర్లు పైపుల్లోకి దూరతాయి, వద్దు.

జవాబు: గన్నేరు ఎండకు భలే తట్టుకుంటుంది గానీ చెట్టంతా విషం, పిల్లలుంటే మానుకోండి. కుండీల్లో కాగితంపూలు, గడ్డి గులాబీ వేయండి. నల్ల ప్లాస్టిక్ కుండీలు మే నెలలో వేర్లను ఉడకబెట్టేస్తాయి, మట్టివే కొనండి.

ప్రశ్న అడిగినవారు: పిల్లలున్నారు, గన్నేరును జాబితాలోంచి తీసేశా. అశోకను కుండీలో పెంచొచ్చా?

జవాబు: పెద్ద సిమెంటు తొట్టిలో కొన్నాళ్లు సరే, కానీ తెర కావాలంటే నేలలోనే, వానలు మొదలవగానే నాటండి.