అప్‌డేట్: మెథడ్ తనను తానే పిలుచుకుంటోందని నడుస్తుండగా గుర్తించడం

వరంగల్‌లోని ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి వ్యాపారం చేసే మా మేనమామ కోసం జావాలో రాసిన బిల్లు ప్రోగ్రామ్ స్టాక్ ఓవర్‌ఫ్లోతో (పిలుపులు పేరుకుపోయి వాటికి కేటాయించిన మెమరీ నిండిపోవడంతో) ఆగిపోతోందని, ఒక మెథడ్ (ఒక పని చేసే కోడ్ ముక్క) మరో మెథడ్ గుండా తిరిగి తననే పిలుచుకుంటే ముందుగా ఎలా గుర్తించాలని అప్పుడు అడిగాను. సమస్య తీరింది.

మొదట స్టాక్ ట్రేస్ (ఆ క్షణానికి నడుస్తున్న పిలుపుల జాబితా) తీసుకొని అందులో మెథడ్ పేరు రెండుసార్లు కనిపిస్తుందేమో చూశాను. అయితే ఆ ట్రేస్‌లో క్లాస్ పేరు, మెథడ్ పేరు, లైన్ నంబరు ఉంటాయే తప్ప పారామీటర్ల వివరం ఉండదు కాబట్టి, ఒకే పేరుతో, వేరే పారామీటర్లతో ఉన్న రెండు ఓవర్‌లోడ్ మెథడ్‌లలో ఒకటి రెండోదాన్ని పిలిచినా రికర్షన్ (తనను తానే పిలుచుకోవడం) అనే తేలింది. పైగా ప్రతి బస్తా లెక్కకూ పూర్తి ట్రేస్ తీయడం భారమైన పని. 2017లో జావా 9తో వచ్చిన, ఆ జాబితాను కావలసినంత వరకే చదవనిచ్చే స్టాక్‌వాకర్ కొంత తేలిక, కానీ నా అవసరానికి అదీ ఎక్కువే.

చివరికి థ్రెడ్‌లోకల్‌లో (ప్రోగ్రామ్‌లో ఏకకాలంలో నడిచే ప్రతి థ్రెడ్‌కూ విడిగా ఉండే విలువలో) ఒక లెక్క పెట్టుకున్నాను: మెథడ్‌లోకి రాగానే ఒకటి పెరుగుతుంది, బయటికి వెళ్ళేటప్పుడు ఒకటి తగ్గుతుంది, లోపలికి వచ్చేసరికే సున్నా కాకపోతే అది మళ్ళీ పిలుపే. తగ్గించే లైనును, తప్పు వచ్చినా తప్పక నడిచే ఫైనల్లీ బ్లాకులోనే ఉంచాలని గట్టిగా చెబుతాను. నేను మొదట బయట రాయడంతో, తూకం ఖాళీగా వచ్చిన ఒక బిల్లు ఎక్సెప్షన్ (పనిని మధ్యలో ఆపేసే లోపం) విసిరాక లెక్క 1 దగ్గరే నిలిచిపోయి, అదే థ్రెడ్‌పై వచ్చిన తర్వాతి సరైన బిల్లులన్నీ రికర్షన్‌గా నమోదయ్యాయి.

అసలు దోషి కమీషన్ లెక్కించే మెథడ్. అది బిల్లు మొత్తాన్ని పారామీటర్‌గా తీసుకోకుండా, మొత్తం లెక్కించే మెథడ్‌నే మళ్ళీ లెక్కించమని అడిగేది. దాన్ని మార్చాను, కాపలా లెక్కను మాత్రం అలాగే ఉంచాను.