తిరుపతి దాకా వెళ్లి కొండ ఎక్కకుండా వచ్చేస్తే తప్పా?

చిత్తూరు చినుకు:
పోయిన శనివారం నేనూ మావారూ ఇద్దరమే తిరుపతి వైపు వెళ్లి రాత్రికి ఇల్లు చేరాం. పొద్దున చంద్రగిరి కోట, తర్వాత శ్రీనివాస మంగాపురం గుడి, మధ్యాహ్నం రోడ్డు పక్క హోటల్లో భోజనం, అక్కడి నుంచి కలంకారీ చీర కోసం శ్రీకాళహస్తి. తిరుగుదారిలో గాంధీ రోడ్డులో ఇత్తడి దీపాలు కొనుక్కుని, దోసెలు తిని వచ్చేశాం. కొండ ఎక్కలేదు. ముందే అనుకుని ఎక్కలేదు. మూడు వందల రూపాయల దర్శనం టికెట్లు నెలల ముందే అయిపోతాయి. ఉచిత దర్శనం టోకెన్ కోసం కింద ఊళ్లో శ్రీనివాసం, విష్ణునివాసం అనే దేవస్థానం వసతి గృహాల దగ్గర నిలబడితే మాకు దొరికిన ఒక్క సెలవూ వరుసలోనే గడిచిపోతుంది. ఇంటికి రాగానే అత్తగారు ‘ప్రసాదం ఏది?’ అన్నారు. లేదన్నాను. అప్పటి నుంచి ఇంట్లో మాటలు తగ్గిపోయాయి. ఆఫీసులోనూ ‘తిరుపతి వెళ్లి లడ్డు తేలేదా’ అని ఒకటే దెప్పుడు. మీరు చెప్పండి, ఇందులో తప్పేముంది?

మామిడి తోట:
తప్పు లేదు. శనివారం వెళ్లడమే పొరపాటు. బండి నిలిపే చోటు దొరికిందా?

రేణిగుంట జంక్షన్:
తప్పే. మొహమాటం లేకుండా చెబుతున్నాను. పెళ్లికి పిలిస్తే వెళ్లి, భోజనం చేసి, వధూవరుల ముఖం చూడకుండా వచ్చేస్తామా? తిరుపతి అనే ఊరు ఉన్నదే ఆయన వల్ల. మీరు తిన్న దోసె, ఎక్కిన రోడ్డు, కొన్న దీపాలు అన్నీ ఆయన చలవే. రైల్వేలో పని చేసి రిటైరైన మనిషిని, మోకాళ్లు అరిగినా అలిపిరి నుంచి 3,550 మెట్లూ ఎక్కుతున్నాను. మీకేమో కారు ఉంది, వయసు ఉంది, తీరిక మాత్రం కోటలు చూడటానికి ఉంది.

కొండ కింద ఇల్లు:
పెద్దాయనా, ఊరు కొండ మీద పుట్టలేదు. రామానుజాచార్యులు గోవిందరాజస్వామిని ప్రతిష్ఠించాక ఆ గుడి చుట్టూ వెలిసిన ఊరు ఇది అని మీ తరంవాళ్లే మాకు చెప్పారు. 1954 నుంచి ఇక్కడ విశ్వవిద్యాలయం ఉంది. ఆసుపత్రులు ఉన్నాయి. మేమిక్కడ పుట్టి, చదువుకుని, పెళ్లిళ్లు చేసుకుని బతుకుతున్నాం. బయటివాళ్లకు మాత్రం మా ఊరు కొండకు వెళ్లే బస్టాండు. చూడటానికి ఎవరైనా వస్తే మాకు సంతోషమే.

నియమనిష్ఠ:
అసలు సంగతి ఎవరూ పట్టించుకోలేదు. శ్రీకాళహస్తి వెళ్లాక నేరుగా ఇంటికి పోవాలి. మధ్యలో ఎక్కడా దిగకూడదు. వీళ్లు గాంధీ రోడ్డులో దిగారు.

చిత్తూరు చినుకు:
నియమనిష్ఠ గారూ, మేము అక్కడ గుడిలోకి వెళ్లలేదు. చీర కొనడానికి వెళ్లాం. పైగా కాళహస్తి నుంచి చిత్తూరుకు దారే తిరుపతి మీదుగా.

రేణిగుంట గారికి: మంగాపురంలో కల్యాణ వేంకటేశ్వరుణ్ణి చూశాం కదా. నారాయణవనంలో పెళ్లి చేసుకుని వస్తున్న స్వామిని, కొత్త దంపతులు ఆరు నెలలు కొండ ఎక్కరాదని అగస్త్య మహర్షి ఆపితే, పద్మావతి అమ్మవారితో అక్కడే ఉండిపోయాడని స్థలపురాణం. కొండకు వెళ్లలేనివాళ్లు అక్కడ దర్శనం చేసుకున్నా చాలంటారు. స్వామే ఎక్కకుండా ఆగినప్పుడు మేము ఆగితే ఏం?

రేణిగుంట జంక్షన్:
ఆరు నెలలు ఆగి తర్వాత ఎక్కాడు తల్లీ. మీ పెళ్లయి ఎన్నాళ్లయింది?

చిత్తూరు చినుకు:
ఎనిమిదేళ్లు.

మామిడి తోట:
దొరికిపోయారు.

నియమనిష్ఠ:
గుడిలోకి వెళ్లినా వెళ్లకపోయినా ఊరి పొలిమేర తొక్కాక నియమం నియమమే. ఇంతకీ శనివారం మధ్యాహ్నం భోజనంలో ఏం తిన్నారు?

చిత్తూరు చినుకు:
అడిగారు కాబట్టి చెబుతున్నాను. రాగి సంకటి, నాటుకోడి పులుసు. ముద్ద మధ్యలో బొటనవేలితో గుంట చేసి పులుసు పోస్తే ఆవిరితోపాటు ధనియాల వాసన లేస్తుంది చూడండీ, మా అమ్మ చేతి వంట తర్వాత అలాంటిది అక్కడే తిన్నాను. ఆకులో పక్కనే ఊరుబిండి పచ్చడి కూడా వేశారు. గుడి దర్శనం అయ్యాకే తిన్నాం. ఆ తర్వాత ఏ గుడిలోనూ అడుగు పెట్టలేదు.

నియమనిష్ఠ:
శనివారం! ఏడుకొండలవాడి కాళ్ల దగ్గర కూర్చుని నాటుకోడి! ఇక నేను చెప్పడానికేమీ లేదు.

కొండ కింద ఇల్లు:
మాంసం, మద్యం నిషేధం తిరుమల మీద. కింద ఊళ్లో ఎన్ని బిర్యానీ హోటళ్లున్నాయో వచ్చి చూడండి. శనివారం కూడా కిటకిటలాడుతుంటాయి.

కరక్కాయ:
నాకు కొండ గొడవ వద్దు. చీర గురించి ఒక్క మాట. ఎంతకు కొన్నారు, బేరమాడారా?

చిత్తూరు చినుకు:
ఆడాం. మావారు బాగా తగ్గించారు. ఆ రోజుకు ఆయన ఘనకార్యం అదే అని నవ్వుకున్నాం కూడా.

కరక్కాయ:
నవ్వుకున్నారు కాబట్టి కాస్త పెద్దగా రాస్తాను, ఏమీ అనుకోవద్దు. మాది శ్రీకాళహస్తి. మా నాన్న కలం పట్టే మనిషి. ముందు నేత బట్టను కరక్కాయ పొడి కలిపిన పాలలో నానబెట్టి ఎండబెట్టాలి. పాలు తక్కువైతే గీసిన గీత గీతలా నిలవదు, పక్కలకు పాకుతుంది. కలం అంటే మొన చెక్కిన వెదురు పుల్ల. దానికి నడుమ గుడ్డ చుట్టి దారంతో బిగిస్తారు. రంగులో ముంచి, ఆ గుడ్డను వేళ్లతో ఎంత నొక్కితే అంత రంగు మొనకు దిగుతుంది. నొక్కుడు ఒక్క పిసరు ఎక్కువైతే అమ్మవారి కంటిరెప్ప మీద చుక్క పడుతుంది, ఇక దాన్ని తుడవడం ఎవరి వల్లా కాదు. నల్లరంగు కోసం ఇనుప తుక్కునూ బెల్లాన్నీ నీళ్లలో రోజుల తరబడి ఊరబెడతాం. దాన్ని కసిమి అంటాం. ఎరుపు పటిక రాసిన చోటే పట్టుకుంటుంది, మిగతా చోట ఉతుకులో పోతుంది. ఆ ఉతుకుకు పారే నీళ్లు కావాలి. స్వర్ణముఖిలో నీళ్లు ఎప్పుడుంటాయో మీకు తెలుసు.

ఇప్పుడు తెర పెట్టి అచ్చొత్తిన చీరను కూడా అదే పేరుతో అదే వీధిలో అమ్ముతున్నారు. పెడన వైపు చెక్క అచ్చులతో వేసే కలంకారీ ఉంది, అది వేరే పద్ధతి, దానికి దాని మర్యాద ఉంది. నేను చెప్పేది దొంగ సరుకు గురించి. మీది చేతి పనే అయితే రెండు పువ్వులు అచ్చుగుద్దినట్టు ఒకేలా ఉండవు, కొత్తలో కొంచెం పాల వాసన ఉంటుంది. కొండ మీద హుండీ దగ్గర ఎవరూ బేరమాడరు. మా గడప దగ్గరికి వచ్చేసరికి అందరికీ లెక్కలు గుర్తుకొస్తాయి.

చిత్తూరు చినుకు:
పాల వాసన ఉంది. పువ్వులూ ఒకేలా లేవు.

కరక్కాయ:
అయితే ఎవరో ఒకరికి నష్టం చేసి వచ్చారు.

రేణిగుంట జంక్షన్:
చూశారా, ఆ డబ్బుతో కుటుంబమంతా కొండకు వెళ్లి రావచ్చు. చంద్రగిరి చూశామని సంబరపడుతున్నారు. అక్కడున్న రాయలు కొండ మీద నైవేద్యం అయ్యిందని గంట మోత వినపడ్డాకే అన్నం ముట్టేవారని పెద్దలు చెబుతారు. కృష్ణదేవరాయలు ఏడుసార్లు కొండకు వచ్చాడు. ఇద్దరు రాణులతో చేతులు జోడించి నిలబడ్డ విగ్రహాలు ఇప్పటికీ గుడిలోకి వెళ్లగానే కనిపిస్తాయి. అంత చక్రవర్తికి దొరికిన తీరిక మీకు దొరకలేదు.

బెంగళూరు బస్సు:
రాయలవారు రాణులతోనే వచ్చారు కదండీ. విగ్రహాల్లో అత్తమామలు లేరు.

చిత్తూరు చినుకు:
ఆ మాట అన్నందుకు మీకు దండం. పెద్దాయనా, రాయలవారికి టోకెన్ వరుస లేదు, సోమవారం ఆఫీసు లేదు. నేను చంద్రగిరిలో ఏం చూశానో మీరు ఒక్కసారీ అడగలేదు. రాజమహల్ మూడంతస్తులూ కలప లేకుండా, రాయి, ఇటుక, సున్నంతో కట్టారు. పై అంతస్తు కిటికీలో కూర్చుంటే చల్లగాలి తోసుకొచ్చింది. మావారు అక్కడ చాలాసేపు ఫోను ముట్టుకోలేదు. ఆయన అలా ఖాళీగా నా పక్కన కూర్చోవడం పెళ్లయ్యాక ఎన్నిసార్లు జరిగిందో వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. మేము ఎక్కడికి వెళ్లినా మొక్కు ఉంటుంది, సంచుల్లో పులిహోర ఉంటుంది, అత్తగారి మాత్రల డబ్బా ఉంటుంది, ఆడపడుచు పిల్లలు ఉంటారు. కొండకు చాలాసార్లు వెళ్లాను, ప్రతిసారీ ఎవరు తప్పిపోతారో అని తలలు లెక్కపెట్టడమే నా పని. మీకు కొండ మీద భక్తి ఉంటే సరే. నాకు మాత్రం మీరు మాట్లాడుతున్నది కొండ గురించి కాదనిపిస్తోంది.

రేణిగుంట జంక్షన్:
మరి దేని గురించి?

చిత్తూరు చినుకు:
మీరే చెప్పాలి. ఊరూపేరూ తెలియని నా మీద పొద్దుటి నుంచి ఇంత కోపం ఎందుకు?

నిర్వాహకుడు:
వ్యక్తిగత మాటలు వద్దు. ఇద్దరికీ చెబుతున్నాను.

రేణిగుంట జంక్షన్:
వ్యక్తిగతమే. చెబుతాను, తర్వాత తొలగించినా పర్వాలేదు. మా అబ్బాయీ కోడలూ హైదరాబాదులో ఉంటారు. మొన్న రెండు రోజుల సెలవుకు తిరుపతి వచ్చారు. మాకు తెలియదు. మా బావమరిది కూతురు ఫోనులో ఫోటో చూపించింది: వెనక కపిలతీర్థం జలపాతం, వాన నీటితో బాగా పడుతోంది. ముందు వీళ్లిద్దరూ తడిసి నవ్వుతున్నారు. విమానాశ్రయం ఎక్కడుంది? మా రేణిగుంటలోనే. దిగింది మా ఊళ్లో, హోటలు తీసుకుంది తిరుపతిలో. అడిగితే ‘కొండకు రాలేదు నాన్నా, ఊరికే వచ్చాం, అందుకే చెప్పలేదు’ అన్నాడు. కొండకు వస్తే మా ఇంటికి రావాలి, ఊరికే వస్తే రానక్కర్లేదట. ఇప్పుడు చెప్పండి, ఆ కొండ మాకు ఎందుకు కావాలో.

మామిడి తోట:
అయ్యో.

కొండ కింద ఇల్లు:
పెద్దాయనా, ఇది ముందే చెప్పి ఉంటే నేను విశ్వవిద్యాలయం దాకా వెళ్లేవాణ్ణి కాదు.

బెంగళూరు బస్సు:
నాది అచ్చం మీ అబ్బాయి పరిస్థితే. మావాళ్లు ఉండేది పాకాలలో. వచ్చే నెల మేమిద్దరం తలకోన జలపాతం చూసి, రాత్రికి తిరుపతిలో ఉండి వెళ్లాలనుకుంటున్నాం. ఇంటికి చెప్పాలా, వద్దా?

రేణిగుంట జంక్షన్:
చెప్పు బాబూ. వెళ్లు, కానీ చెప్పి వెళ్లు.

చిత్తూరు చినుకు:
చెబితే ‘మేమూ వస్తాం’ అంటారు. అప్పుడేం చేయాలి?

రేణిగుంట జంక్షన్:
అంటాం. అంటే తీసుకెళ్లడానికేం? వెనక సీటు ఖాళీగానే ఉంటుంది కదా.

చిత్తూరు చినుకు:
మీరు వెనక కూర్చుంటే కారు తలకోన వైపు వెళ్లదు, అలిపిరి వైపు తిరుగుతుంది. మీ అబ్బాయి మిమ్మల్ని తప్పించుకోలేదు, ఆ మలుపును తప్పించుకున్నాడు.

రేణిగుంట జంక్షన్:
మేము తిప్పమని అడగలేదు. అడుగుతామని మీరే అనుకుంటారు. సరే, ఒకటి అడుగుతాను, నిజం చెప్పండి. చీర కొన్నారు, దీపాలు కొన్నారు. మీ అత్తగారికి ఏం తెచ్చారు?

కరక్కాయ:
మంచి ప్రశ్న.

నియమనిష్ఠ:
కాళహస్తి నుంచి ఏదీ తేకపోవడమే మంచిది.

చిత్తూరు చినుకు:
ఏమీ తేలేదు. కావాలనే తేలేదు. ఏదో ఒకటి తెచ్చి చేతిలో పెడితే అది కూడా ఆవిడ కోసం చేసిన ప్రయాణమే అవుతుంది.

రేణిగుంట జంక్షన్:
నేను మొదటి నుంచీ అంటున్నది అదే.

చిత్తూరు చినుకు:
నేనూ అదే అంటున్నాను.